జ్యూరీ సమన్లు అందుకోబోయే తెలుగువాళ్లకు

అమెరికా పౌరసత్వం తీసుకున్న, తీసుకోబోతున్న తెలుగువాళ్లందరికీ నమస్కారం.

ఇవాళ కాకపోతే వచ్చే ఏడాదైనా మీకు కోర్టు నుంచి జ్యూరీ సమన్లు వస్తాయి, అంటే కేసు విని ముద్దాయి దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి రమ్మనే పిలుపు. ఓటర్ల జాబితా నుంచో, డ్రైవింగ్ లైసెన్సుల రికార్డుల నుంచో మీ పేరు తీస్తారు. అది రాగానే మన గ్రూపుల్లో అడిగే మొదటి ప్రశ్న, దీన్ని ఎలా తప్పించుకోవాలి అని. సలహాలు నిమిషాల్లో వచ్చి పడతాయి. ఇంగ్లీషు సరిగ్గా రాదని చెప్పండి అంటారొకరు, ప్రాజెక్ట్ రిలీజ్ ఉందని చెప్పండి అంటారు ఇంకొకరు, పోలీసులు చెప్పేదేదీ నమ్మనని గట్టిగా అనండి, అక్కడికక్కడే పంపించేస్తారు అని మూడో ఆయన. పదిహేనేళ్లు ఇక్కడ ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసి, ఇంగ్లీషులోనే పౌరసత్వ పరీక్ష రాసి, ప్రమాణం చేసినవాళ్లు ఇలా మాట్లాడుతుంటే నాకు కడుపు మండుతుంది. ఇంకొందరు మాత్రం ఉత్సాహంగా వెళ్తారు, సినిమాల్లో చూసింది కళ్లారా చూడొచ్చు కదా అని. ఈ ఉత్తరం ఇద్దరికీ. నిజానికి ఆ రెండో రకం వాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ.

ఎందుకంటే మనకి అమెరికా కోర్టు తెలిసింది సినిమాల వల్లే. ఈ దేశంలో అడుగు పెట్టకముందే '12 యాంగ్రీ మెన్' చూశాం, 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' చూశాం, 'ఎ టైమ్ టు కిల్' చూసి చివర్లో కళ్లు తుడుచుకున్నాం. నల్లజాతి వాళ్లకి ఇక్కడి న్యాయస్థానాల్లో ఏం జరిగిందో మనలో చాలామందికి మొదట చెప్పింది ఏ చరిత్ర పుస్తకమో కాదు, ఆ సినిమాలే. అందుకు వాటికి రుణపడి ఉన్నాం, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఆ సినిమాలు చాలావరకు వివక్షకి ఒక మనిషి ముఖం పెట్టాయి. చెమటలు కక్కుతూ, కళ్లెర్రజేసి, నోటికొచ్చినట్టు అరిచే మనిషి ముఖం. అలాంటివాడు కోర్టులో కనబడకపోతే ఇక్కడ వివక్ష లేదనుకుని, మన పని మనం చేశామనుకుని ఇంటికొచ్చేస్తాం. నా భయమంతా అదే.

'12 యాంగ్రీ మెన్' తోనే మొదలుపెడతాను, మన వాళ్లకి అన్నిటికంటే ఇష్టమైంది అదే కాబట్టి. 1957లో సిడ్నీ లుమెట్ తీసిన సినిమా. తండ్రిని చంపాడని ఆరోపణ ఎదుర్కొంటున్న కుర్రాడి ముఖం మొదట్లో కొన్ని క్షణాలే కనిపిస్తుంది, అతనికి ఒక్క డైలాగ్ కూడా ఉండదు, ఏ జాతివాడో సినిమా ఎక్కడా చెప్పదు. తీర్పు చెప్పే పన్నెండుమందీ తెల్లవాళ్లు, అందరూ మగవాళ్లు. అందులో పదో నంబర్ జ్యూరర్ దాచుకున్న విషమంతా ఒకేసారి కక్కుతాడు, వీళ్ల సంగతి మీకు తెలియదా, వీళ్లు పుట్టుకతోనే ఇంతే అన్నట్టు. అప్పుడు ఒక్కొక్కరే బల్ల దగ్గర్నుంచి లేచి, అతనికి వీపు చూపించి నిలబడతారు. అతని గొంతు తగ్గిపోతుంది. నా మాట వినండి అని బతిమాలుకునే స్థితికి వస్తాడు. విన్నాను, ఇక కూర్చో, మళ్లీ నోరు తెరవొద్దు అంటాడు ఇంకో జ్యూరర్. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు గగుర్పొడిచే సీన్ అది.

ఇప్పుడు నిజంగా జరిగింది చెప్తాను. కోలరాడోలో గుర్రప్పందేల మైదానంలో పనిచేసే ఒక వ్యక్తి మీద, ఇద్దరు టీనేజ్ అక్కచెల్లెళ్లని వేధించాడని కేసు పెట్టారు. 2010లో జ్యూరీ కొన్ని అభియోగాల మీద అతను దోషే అని తేల్చింది. జ్యూరీని పంపించేశాక ఇద్దరు జ్యూరర్లు ఆగి, డిఫెన్స్ లాయర్‌తో మాట్లాడారు. లోపల ఒక జ్యూరర్, అతనొక మాజీ పోలీసు ఆఫీసర్, ముద్దాయి మెక్సికన్ కాబట్టే ఈ పని చేసి ఉంటాడని, మెక్సికన్ మగవాళ్లు ఆడవాళ్ల విషయంలో అంతేనని, తన ఉద్యోగ అనుభవంలో చూశానని అన్నాడట. ముద్దాయి తరఫు సాక్షిని నమ్మలేను, అతను అక్రమంగా వచ్చినవాడు అని కూడా అన్నాడట, ఆ సాక్షి తాను చట్టబద్ధంగానే ఉంటున్నానని కోర్టులోనే చెప్పి ఉన్నా సరే. ఆ గదిలో ఎవరూ లేచి వీపు తిప్పలేదు. బయటికొచ్చి ఈ సంగతి చెప్పిన ఆ ఇద్దరు కూడా ఒప్పుకుని ఇచ్చిన తీర్పే అది. పైగా జ్యూరీ గదిలో ఏం మాట్లాడుకున్నారన్నది తీర్పు తర్వాత బయటికి తీయకూడదని పాత రూల్ ఒకటి ఉంది కాబట్టి, కోలరాడో కోర్టులు ఏమీ చేయలేమన్నాయి. పెన్యా-రోడ్రిగెజ్ కేసుగా ఇది సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2017లో 5-3 తేడాతో కోర్టు ఆ రూల్‌కి ఒక మినహాయింపు పెట్టింది. జాతి వివక్ష వల్లే దోషి అన్నానని ఒక జ్యూరర్ మాటల్లో స్పష్టంగా బయటపడితే, ఆ సాక్ష్యాన్ని జడ్జి చూడొచ్చని.

సినిమాలో ఉన్నదీ ఒక గదే, ఇక్కడ ఉన్నదీ ఒక గదే. అసలు గదిలో ఆ మాట అరిచినట్టు కాకుండా అనుభవజ్ఞుడు చెప్పినట్టు వచ్చింది, నేను ఆ ఫీల్డ్‌లో పనిచేశాను, నాకు తెలుసు అన్న ధోరణిలో. మనకి అలాంటి మాట వినపడితే ఎదురు చెప్పాలని తోస్తుందా, లేక ఆయనకి తెలిసి ఉంటుందిలే అనిపిస్తుందా? ఇది నన్ను నేను కూడా అడుక్కుంటున్న ప్రశ్న.

అన్నట్టు ఆ సినిమా హీరో తనంతట తాను బయటికెళ్లి, హత్యకి వాడిన కత్తి లాంటిదే ఇంకోటి కొనుక్కొచ్చి బల్ల మీద గుచ్చుతాడు చూడండి, మీరు మాత్రం అలాంటి పని చేయకండి. కోర్టులో పెట్టిన సాక్ష్యం తప్ప వేరేది జ్యూరీ గదిలోకి తేకూడదు. గూగుల్‌లో వెతకడం కూడా అంతే. అది జ్యూరర్ తప్పు కింద లెక్కేసి విచారణ మొత్తం రద్దు చేసే ప్రమాదం ఉంది.

ఆ సినిమాలో మొదటి ఓటు 11-1. ఆ ఒక్క మనిషి వల్లే కథ నడుస్తుంది. ఇదే లూసియానాలో, మరణశిక్ష లేని ఒక పెద్ద కేసై ఉంటే, ఆ ఓటుతోనే సినిమా అయిపోయేది. ఆ రాష్ట్రంలో అప్పట్లో జ్యూరీ ఏకగ్రీవంగా ఉండాల్సిన అవసరం ఉండేది కాదు. 1898లో అక్కడ రాజ్యాంగ సభ పెట్టి, నల్లవాళ్లని జ్యూరీలోకి రాకుండా పూర్తిగా ఆపలేం కాబట్టి వచ్చిన ఒకరిద్దరి ఓటుకి విలువ లేకుండా చేద్దామని, పన్నెండులో తొమ్మిది చాలన్నారు. తర్వాత దాన్ని పది చేశారు. ఒరెగాన్‌లో కూడా 1934 నుంచి పది చాలనే రూల్ ఉండేది. ఇది చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 2020లో, రామోస్ కేసులో. నూట ఇరవై ఏళ్లకి పైగా నడిచిన రూల్ ఇది. ఇందులో అరిచేవాడు ఎవడూ లేడు, ఉన్నది ఒక అంకె మాత్రమే. దీని మీద పెద్ద సినిమా తీస్తే ఎవరు చూస్తారు అని ఆ పరిశ్రమవాళ్లు అనుకుని ఉండొచ్చు. నేనైతే మొదటి రోజు మొదటి ఆట చూస్తాను.

'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' సంగతికొస్తే, 1962 నాటి ఆ సినిమాకి గ్రెగరీ పెక్‌కి ఆస్కార్ వచ్చింది. 2003లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సినిమా హీరోలందరిలో ఆయన వేసిన లాయర్ అటికస్ పాత్రకి మొదటి స్థానం ఇచ్చింది. కేసు ఓడిపోయి ఆయన కోర్టు హాల్లోంచి నడిచి వెళ్తుంటే పైన బాల్కనీలో నల్లవాళ్లంతా లేచి నిలబడతారు, గౌరవంగా. ఆ సీన్ అందరికీ గుర్తుంటుంది. ఆ కేసులో ముద్దాయి అయిన నల్లజాతి మనిషి టామ్ రాబిన్సన్ చనిపోవడం మాత్రం తెర మీద ఉండదు, పారిపోతుంటే కాల్చారట అని ఒకరు వచ్చి చెప్తే వింటాం. టామ్ పాత్రలో బ్రాక్ పీటర్స్ సాక్షి బోనులో కూర్చుని కన్నీళ్లు ఆపుకుంటూ చెప్పిన ఆ కాసేపే మనకి టామ్ దగ్గరగా తెలిసేది. మిగతా కథంతా లాయర్ మంచితనం గురించి, ఆయన పిల్లల గురించి. నాకు దీనికంటే పెద్ద అసంతృప్తి ఇంకోటుంది. ఆ పన్నెండుమందీ తెల్లవాళ్లే ఎలా అయ్యారు అని సినిమా అడగదు. ఎండా వానా లాగా అదొక సహజమైన సంగతి అన్నట్టు చూపిస్తుంది.

అది సహజంగా జరగలేదు. పని గట్టుకుని చేశారు. ఆ కథ జరిగే అలబామాలోనే 1931లో స్కాట్స్‌బరో కుర్రాళ్ల కేసు మొదలైంది, తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్లు, రైల్లో అత్యాచారం చేశారని అబద్ధపు ఆరోపణ. మా జ్యూరీ జాబితాలో నల్లవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి చూడండి అని రాష్ట్రం వాదించింది. ఆ పేర్లు తర్వాత ఇరికించినవని డిఫెన్స్ లాయర్ అన్నాడు. 1935లో ఆ రిజిస్టర్‌ని ఏకంగా సుప్రీంకోర్టుకి పట్టుకెళ్తే, న్యాయమూర్తులు భూతద్దం పెట్టి ఆ పేజీ చూశారు. చూసి, ఆ కౌంటీలో నల్లవాళ్లని జ్యూరీకి దూరంగా ఉంచుతున్నారని తేల్చి శిక్ష కొట్టేశారు. భూతద్దం పట్టుకుని సిరాని చూస్తున్న జడ్జిలు! ఇంతకంటే మంచి సీన్ ఏ రచయిత రాయగలడు?

అదంతా పాతకాలం అనుకుంటారేమో, 1987కి రండి. జార్జియాలో ఒక నల్లజాతి కుర్రాడి మీద హత్య కేసు, పోతే ప్రాణం పోయే కేసు. అంతకుముందు ఏడాదే బాట్సన్ కేసులో సుప్రీంకోర్టు, జ్యూరీని ఎంచుకునేటప్పుడు ప్రాసిక్యూటర్లు జాతి చూసి జ్యూరర్లని తీసేయకూడదని చెప్పింది. అయినా అతని జ్యూరీలో ఒక్క నల్లమనిషి లేడు. అడిగితే, అబ్బే జాతి వల్ల కాదు, వేరే కారణాలున్నాయి అన్నారు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, 2006లో సమాచార చట్టం కింద ప్రాసిక్యూషన్ ఫైలు బయటికొచ్చింది. అందులో జ్యూరర్ల జాబితా ఉంది. నల్లవాళ్ల పేర్లన్నిటి మీదా ఆకుపచ్చ హైలైటర్‌తో గీత. ఆ రంగు ఎవరికి గుర్తో మూలన రాసుకున్నారు కూడా. పేర్ల పక్కన 'బి' అనే అక్షరం. వాళ్లు నింపిన ఫారాల్లో జాతి దగ్గర సున్నా చుట్టారు. కచ్చితంగా వద్దు అనే పేరుతో ఇంకో జాబితా, ఆరు పేర్లున్నాయి, మొదటి ఐదూ అక్కడ మిగిలిన ఐదుగురు నల్లవాళ్లవే. ముప్పై నాలుగేళ్ల నల్లజాతి ఆవిడని తీసేయడానికి చెప్పిన కారణాల్లో ఒకటి, ఆవిడ వయసు ముద్దాయి వయసుకి దగ్గరగా ఉందని. ముద్దాయికి అప్పుడు పద్దెనిమిది, పంతొమ్మిది. మరి ముప్పై ఆరు లోపు వయసున్న తెల్లవాళ్లు ఎనిమిదిమంది ఉంటే వాళ్లని తీసేయలేదు, అందులో ఒకరికి ఇరవై ఒక్క ఏళ్లే. 2016లో సుప్రీంకోర్టు 7-1 తో ఆ శిక్షని కొట్టేసింది. ఫోస్టర్ కేసు అంటారు దీన్ని.

మీరు జ్యూరీ ఎంపికకి వెళ్లినప్పుడు గమనించండి. పొద్దున్నుంచి కుర్చీలో కూర్చుని, ఫోన్ ఎప్పుడిస్తారా అని చూస్తూ, వీళ్లు ఈ ప్రశ్నలు ఎందుకు అడుగుతున్నారో అని విసుక్కునే సమయం ఉంటుంది కదా, అసలు కథ అక్కడే జరుగుతుంది. సినిమాలు ఆ భాగాన్ని కట్ చేసి పారేస్తాయి, లేదా రెండు నిమిషాల్లో ముగిస్తాయి. మిసిసిపీలో కర్టిస్ ఫ్లవర్స్ అనే ఆయన్ని ఒకే కేసులో ఆరుసార్లు విచారించారు, ప్రాసిక్యూటర్ కూడా ప్రతిసారీ ఒక్కడే. ఆ ఆరు విచారణల్లో తీసేయడానికి వీలున్న 42 మంది నల్లజాతి జ్యూరర్లలో 41 మందిని తీసేశారు. ఆరోసారి, తాము తీసేసిన ఐదుగురు నల్లవాళ్లని 145 ప్రశ్నలు అడిగారు, జ్యూరీలో కూర్చోబెట్టుకున్న పదకొండుమంది తెల్లవాళ్లందరికీ కలిపి 12 ప్రశ్నలు. ఈ లెక్కలన్నీ 2019 నాటి సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నాయి. 2020లో కేసే ఎత్తేశారు. అప్పటికి ఆయన జీవితంలో ఇరవై ఏళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి.

ఒకళ్లని పది ప్రశ్నలు అడిగి పక్కవాళ్లని ఒక్కటే అడగడం, ఇది మీ కళ్లముందే జరుగుతుంది. మర్యాదగా, చిరునవ్వుతో, థాంక్యూ మేడమ్ మీరు వెళ్లొచ్చు అంటూ జరుగుతుంది. ఇంగ్లీషు రాదని అబద్ధం చెప్పి మీరు ముందే బయటికొచ్చేస్తే, జ్యూరర్లు కూర్చునే ఆ పెట్టెలో ఇంకో కుర్చీ ఖాళీ అయినట్టే. పని పోతుందన్న భయం నాకు తెలుసు, ఫెడరల్ కోర్టు రోజుకి ఇచ్చేది 50 డాలర్లు, చాలా కౌంటీ కోర్టులు అంతకంటే తక్కువే ఇస్తాయి. గంటల లెక్కన జీతం వచ్చే వాళ్లకి అది నిజమైన కష్టం, ఆ మాట జడ్జికి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. నేను మాట్లాడేది జీతం ఆగని ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల గురించి. మనలో అలాంటివాళ్లు తక్కువేం లేరు.

ఇంకో సంగతి, విలన్ గురించి. 1999లో 'ద హరికేన్' వచ్చింది, బాక్సర్ రూబిన్ కార్టర్ కథ, డెంజెల్ వాషింగ్టన్ ప్రాణం పెట్టి చేశాడు. అందులో కార్టర్‌ని చిన్నప్పట్నుంచీ వెంటాడే ఒక దుర్మార్గపు డిటెక్టివ్ ఉంటాడు. ఆ డిటెక్టివ్ కల్పిత పాత్ర. నిజంగా జరిగింది వేరు. 1967లో ఒకసారి, 1976లో రెండోసారి జ్యూరీలు ఆయన్ని హత్య కేసులో దోషి అన్నాయి. 1985లో ఫెడరల్ జడ్జి లీ సరోకిన్ ఆ శిక్ష కొట్టేస్తూ పట్టుకున్న తప్పులు రెండు. జాతి పగతో చంపారనే వాదనని ఆధారం లేకుండా జ్యూరీ ముందు పెట్టడం, డిఫెన్స్‌కి ఇవ్వాల్సిన ఆధారం దాచడం. రెండూ సూటు బూటు వేసుకున్న వాళ్లు ఆఫీసులో కూర్చుని చేసినవే. సినిమా అదంతా తీసి ఒక చెడ్డవాడి నెత్తిన పెట్టింది. చెడ్డవాడు ఓడిపోయాక మనం ఊపిరి పీల్చుకుని లేచి వెళ్లిపోతాం. 'మిసిసిపీ బర్నింగ్' మీద కూడా నాకు ఇదే కోపం. 1964లో పౌరహక్కుల ఉద్యమంలో పనిచేస్తూ హత్యకు గురైన ముగ్గురు యువకులకి న్యాయం జరిపించిన హీరోలుగా ఎఫ్‌బీఐ ఏజెంట్లని చూపించింది. అక్కడి నల్లజాతి వాళ్లు భయంతో బిక్కుబిక్కుమనే జనంగా మిగిలిపోయారు, ఆ ఉద్యమం నడిపిందే వాళ్లయినా. ఆ హత్యల్లో మిసిసిపీ రాష్ట్రం ఒక మనిషికి శిక్ష వేయించడానికి 2005 దాకా పట్టింది.

'ఎ టైమ్ టు కిల్' చివరి వాదన మీకు గుర్తుండే ఉంటుంది. చిన్న నల్లజాతి పాప మీద జరిగిన ఘోరం. కూతురికి అలా చేసినవాళ్లని తండ్రి కాల్చి చంపుతాడు. తెల్లజ్యూరీని కళ్లు మూసుకోమని, లాయర్ ఆ పాపకి జరిగిందంతా మెల్లగా వర్ణించి, చివర్లో ఇప్పుడు ఆ పాప తెల్లపిల్ల అనుకోండి అంటాడు. థియేటర్లో ఏడుస్తాం. కానీ ఆ సీన్ ఒప్పుకుంటున్నది ఏంటో చూడండి. నల్లపిల్ల బాధ నల్లపిల్ల బాధగా ఆ పన్నెండుమందికి అందదు, రంగు మార్చి ఇస్తే తప్ప. సినిమా దాన్ని గెలుపుగా చూపించింది, నాకు మాత్రం అది ఓటమిలా కనిపిస్తుంది.

మరి ఆ పెట్టెలో మనం కూర్చుంటే ఎవరిని ఊహించుకుంటాం? ఇక్కడ నిజం మాట్లాడుకోవాలి. ఇల్లు కొనేటప్పుడు ఆ ఏరియా వద్దులే, అక్కడ వాళ్లెక్కువ అని మన ఇళ్లల్లో అనుకోమా? రాత్రి గ్యాస్ స్టేషన్‌లో ఒక నల్లజాతి కుర్రాడు హుడీ వేసుకుని నిలబడితే కారు తలుపులు లాక్ చేసుకోమా? ఆ భయం వెంటబెట్టుకునే మనం జ్యూరీ గదిలోకి వెళ్తాం. అది మన నోట అరుపుగా రాదు, ఎందుకో అతని మాట నమ్మబుద్ధి కావట్లేదు అన్న మాటగా వస్తుంది. ఇంకో వైపు, ఈ దేశం న్యాయం తూచేటప్పుడు మన రంగుని పక్కన పెడుతుందని కూడా అనుకోకండి. 1982లో డెట్రాయిట్ దగ్గర విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ని ఇద్దరు ఆటో పరిశ్రమ మనుషులు బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి చంపితే, కోర్టు వేసింది మూడేళ్ల ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. ఒక్క రోజు జైలు లేదు. 'హూ కిల్డ్ విన్సెంట్ చిన్?' అని 1987లో డాక్యుమెంటరీ వచ్చింది, ఆస్కార్‌కి నామినేట్ కూడా అయింది. హాలీవుడ్ కోర్టు సినిమాల జాబితాలు వేసేటప్పుడు దాని పేరు ఎవరూ చెప్పరు. మీరు తప్పకుండా చూడండి, ఆ తల్లి ఏడుపు చూడండి.

ఈ మధ్య సినిమాలు కొంత మారాయి, అది చెప్పకపోతే అన్యాయం. 2019 నాటి 'జస్ట్ మెర్సీ' ఉంది. అలబామాలో ఒక హత్య కేసులో వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషిని 1987లో అరెస్టు చేసి, విచారణ కూడా మొదలవకముందే మరణశిక్ష ఖైదీల దగ్గర పెట్టారు. హత్య జరిగిన సమయానికి ఆయన ఇంటి దగ్గర చేపలు వేయించి అమ్ముతున్నారు, చుట్టూ బోలెడంత మంది ఉన్నారు, అందరూ నల్లవాళ్లు, ఎవరి మాటా పనికిరాలేదు. విచారణని నల్లజాతి జనాభా చాలా తక్కువున్న పక్క కౌంటీకి మార్చారు, జ్యూరీలో పదకొండుమంది తెల్లవాళ్లు. ఒకటిన్నర రోజుల్లో అయిపోయింది. ఆ జ్యూరీ కూడా యావజ్జీవం చాలంది, జడ్జి దాన్ని పక్కన పెట్టి మరణశిక్ష వేశాడు. అలబామాలో అప్పుడు జడ్జికి ఆ అధికారం ఉండేది, 2017లో గానీ తీసేయలేదు. 1993లో ఆయన బయటికొచ్చారు. ఇదంతా మన్‌రోవిల్‌లో మొదలైంది, 'మాకింగ్‌బర్డ్' నవల రాసిన హార్పర్ లీ సొంత ఊరు. అక్కడి పాత కోర్టు భవనం ఇప్పుడు మ్యూజియం. ఆ కోర్టు హాల్ చూసే మాకింగ్‌బర్డ్ సినిమా సెట్ వేశారు. ఊళ్లో జనం ఆ కథని అంతగా ప్రేమించారు. ఆ ప్రేమ పక్కనే ఇది జరిగింది.

'వెన్ దే సీ అజ్' కూడా చూడండి, నాలుగు భాగాలు, చూడటం కష్టమే. 1989లో న్యూయార్క్‌లో ఒక అత్యాచారం కేసులో పద్నాలుగు నుంచి పదహారేళ్ల ఐదుగురు పిల్లల్ని పట్టుకుని, గంటల తరబడి అరిచి, ఇంటికి పంపిస్తాం అని ఆశపెట్టి నేరం ఒప్పించారు. ఒకడు పోలీసుల జాబితాలోనే లేడు, స్నేహితుడికి తోడుగా వెళ్లాడంతే. జ్యూరీకి చూపించింది ఒప్పుకున్న వీడియోలు, వాటికి ముందు నడిచిన గంటలు రికార్డు చేయలేదు. 2002లో అసలు నేరస్థుడు ఒప్పుకుని, డీఎన్‌ఏ కలిశాక శిక్షలు రద్దయ్యాయి. జ్యూరర్‌గా ఎప్పుడైనా ఒక వాంగ్మూలం వీడియో చూడాల్సి వస్తే, కెమెరా ఆన్ కాకముందు ఎంతసేపు గడిచిందో ఎవరైనా చెప్పారా అని ఆలోచించండి. అమెరికాలో శిక్ష పడ్డాక నిర్దోషులని తేలి బయటపడ్డవాళ్లలో సగానికి పైగా నల్లజాతివాళ్లే, జనాభాలో వాళ్లు 14 శాతం లోపు.

వీటన్నిటిలో నన్ను వదలని సినిమాలో అసలు కోర్టు విచారణే లేదు. బ్యారీ జెన్‌కిన్స్ 2018లో తీసిన 'ఇఫ్ బీల్ స్ట్రీట్ కుడ్ టాక్'. ఫానీ అనే కుర్రాడు చేయని నేరానికి లోపల ఉంటాడు, అతన్ని ప్రేమించిన టిష్ కడుపుతో ఉంటుంది, రెండు కుటుంబాలూ డబ్బు కోసం, సాక్షి కోసం అల్లాడతాయి. విచారణ ఎప్పుడొస్తుందా అని మనం ఎదురుచూస్తాం, అటికస్ లాంటి లాయర్ లేచి నిలబడి మాట్లాడతాడేమో అని. అలాంటిదేం రాదు. ఫానీ ప్లీ డీల్‌కి, అంటే విచారణ లేకుండా తక్కువ శిక్ష కోసం నేరం ఒప్పుకునే బేరానికి, ఒప్పుకుంటాడు. జైల్లో ములాఖత్ బల్ల దగ్గర కొడుకుతో కూర్చుని ఉండగా సినిమా అయిపోతుంది. నిరాశపడ్డామని చాలామంది అన్నారు, కానీ నాకు తెలిసిన అమెరికా కోర్టు అదే. 2012లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో చెప్పిన లెక్క, ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం విచారణ లేకుండానే, నేరం ఒప్పుకోవడంతో వచ్చినవి. అంటే మనం చూసి పెరిగిన కోర్టు సినిమాలన్నీ కలిపి మిగతా ఆ మూడు నుంచి ఆరు శాతం గురించి.

అందుకే ఆ కొద్ది శాతంలో మీరు కూర్చునే రోజు చిన్నది కాదు. ఇన్ని ఒత్తిళ్లు తట్టుకుని, డీల్ వద్దని, నా మాట పన్నెండుమంది వినాలి అని నిలబడ్డ మనిషి ఎదురుగా ఉంటాడు. దయచేసి వెళ్లండి. ఇంగ్లీషు వచ్చు అనే చెప్పండి. వివక్ష గురించి అడిగితే, నాలో అలాంటిది ఏమాత్రం లేదు అని గబగబా చెప్పేయకుండా ఒక్క క్షణం ఆగి ఉన్నది చెప్పండి. లోపల ఎవరైనా ముద్దాయి జాతి గురించి ఒక మాట అంటే, అది ఎంత మెల్లగా అన్నా, ఎంత అనుభవంతో అన్నట్టున్నా, అక్కడే ఆపండి, ఆపలేకపోతే ఒక కాగితం మీద రాసి బయటున్న కోర్టు సిబ్బంది చేతికిచ్చి జడ్జికి పంపండి. ఏ జ్యూరర్ అయినా అలా రాయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది తీర్పు చదవకముందే చేయండి. కోలరాడోలో ఆ ఇద్దరూ తీర్పు అయ్యాక చెప్పారు, ఆ మాటని కోర్టు వినొచ్చని తేలడానికి ఏడేళ్లు పట్టింది.

ఇట్లు,
మీలాగే సమన్లు అందుకునే ఒక తెలుగు మనిషి